ఎమ్మెల్యే అనని మాట

పోయిన వారం భాగంలో నన్ను నేనే ఏటి ఒడ్డున నిలబెట్టి వచ్చాను. నన్ను ఏరు దాటించాల్సిన పుట్టి అవతలి గడ్డనుంచి బయలుదేరింది, ఇంకా చేరలేదు. ఈ కథ చెప్పేవాణ్నీ నేనే, ఇందులో తిట్లు తినాల్సినవాణ్నీ నేనే కాబట్టి ఆ ఆలస్యానికి ఇంకెవరూ నొచ్చుకోనక్కర్లేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు రాఘవేందర్. పుట్టింది గోపాల్‌పేట, డిప్లొమా తప్పింది వనపర్తిలో, పదకొండేళ్లుగా విలేకరిగా తిరుగుతున్నది గద్వాలలో. 2005 జూన్‌లో నేనొక వార్త రాశాను. కృష్ణ నడిమధ్యన లంకలా ఉన్న కొంగలగడ్డకు వంతెన కట్టించి తీరుతానని మా ఎమ్మెల్యే నాగన్న ఒడ్డున జరిగిన సభలో మాట ఇచ్చాడని ఆ వార్త. నాగన్న ఆ మాట అనలేదు. ఆ సభ జరగనూ లేదు.

రెండు నెలలు ఎవరూ ఏమీ అడగలేదు. శ్రావణం మొదట్లో నాగన్న నన్ను ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, "మంచిగ రాసినవ్ తమ్మీ. నేను అన్నట్టే అనుకో" అన్నాడు. వరదొస్తే గడ్డ మునుగుతుందని కొంగలగడ్డలోని నలభై మూడు కుటుంబాలకు సర్కారువాళ్లు ఒడ్డుమీద ఆరెకరాల్లో ఇండ్ల స్థలాలు కొలిచిపెట్టారు. నాగన్న ఎత్తు ఏమిటంటే, వంతెన వస్తుంది గనక ఆ స్థలాలు మాకు వద్దని వాళ్లంతా ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే, ఆ ఆరెకరాలు గద్వాల విలేకరుల కాలనీ అవుతాయి. పదిహేడో నంబరు ప్లాటు నాది. తూర్పు ముఖం. ఆ వేలిముద్రలు వేయించుకుని రావాల్సింది కూడా నేనే. గడువు ఇవ్వాళ సాయంత్రం ఐదింటితో సరి.

ఇదీ సంగతి. బ్యాగులో వాళ్ల కాగితం, చొక్కాజేబులో నా ప్లాటు దరఖాస్తు పెట్టుకుని నేను ఒడ్డున నిలబడి ఉండగా పుట్టి వచ్చింది.

మాసయ్య తెడ్డు బురదలో గుచ్చి పుట్టిని ఆపాడు. కొంగలగడ్డకు పోవాలన్నా రావాలన్నా ఆయనే దిక్కు. తలకు తువ్వాల, చేతుల నిండా తారు మరకలు, మొహాన ఎప్పుడూ ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు మనల్ని చూసో, ఏటిని చూసో తెలియదు.

"రా సారు. నడుమ కూసో. అంచుకు కూసుంటే గిర్రున తిరుగుతది."

పుట్టి ఎక్కినవాళ్లకు తెలుసు, అది పడవ కాదు. దానికి ముందూ వెనకా ఉండవు. పెద్ద వెదురు బుట్టకు తారు పూసి నీళ్లమీద వదిలినట్టు ఉంటుంది. అందులో కూర్చున్నాక మనం ఎటు పోతున్నామో మనకంటే ఏటికే బాగా తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. మబ్బు చాటున ఎండ పలచబడి, నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. గడ్డకూ గద్వాల ఒడ్డుకూ మధ్య ఉన్నది చిన్న పాయ. లోతెక్కువ, వడి తక్కువ. ఒడ్డున ఎవరో బట్టలు ఉతికే చప్పుడు, ఊళ్లో ఏదో గుడి మైకు, గడ్డమీద ఒక తల్లి పిల్లను పిలుస్తున్న కేక, అన్నీ ఒకే దూరం నుంచి వస్తున్నట్టు వినిపించాయి. నీళ్లమీద ఎంత మెల్లగా మాట్లాడినా రెండు ఒడ్డులకూ వినబడుతుంది.

కండ్లు మూతలు పడ్డాయి. మూసుకోగానే పదిహేడో నంబరు ప్లాటు కనిపించింది. నా భార్య ఉమారాణి ఒక మూల కరివేపాకు మొక్క నాటి నీళ్లు పోస్తోంది. చేపలు వండినప్పుడల్లా ఓనరమ్మ ముక్కు మూసుకునే కిరాయి ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్న మనిషి. దరఖాస్తు చూపించిన రోజునుంచి నిద్రలో కూడా గోడలు కట్టుకుంటోంది. నేను ఆ ఇంటి గడప మీద కాలు పెట్టబోతే గడప కింద నీళ్లు కదిలాయి. ఉలిక్కిపడి కండ్లు తెరిస్తే పుట్టి ఒక చుట్టు తిరిగింది.

"నిద్రొస్తున్నదా సారు? ఈ పాయల కూసుంటే పెండ్లికొడుక్కు గూడ నిద్రొస్తది" అన్నాడు మాసయ్య.

నిద్ర ఎక్కడిది నాయనా, తేలు కుట్టిన దొంగకు నిద్ర వస్తుందా! పైకి మాత్రం నవ్వాను.

ఆ వార్త ఎట్లా పుట్టిందో ఇన్ని వారాలుగా దాటవేస్తూ వచ్చాను. ఈ వారం తప్పదు.

అప్పట్లో మా వార్తలు కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేవాళ్లం. రెండున్నర బస్సు తప్పితే మర్నాటి పేపర్లో గద్వాల ఊరే లేనట్టు. నాయకులేమో పదకొండింటి సభకు నాలుగింటికి వస్తారు. మరేం చేస్తాం? సభకు ముందే వార్త వండేవాళ్లం. ఏ నాయకుడు ఎక్కడ ఏం మాట్లాడతాడో ఆయనకంటే మాకే బాగా తెలుసు. బడికి పోతే విద్యకు పెద్దపీట. చెరువు దగ్గర రైతే రాజు. దవాఖాన దగ్గర పేదల ఆరోగ్యమే ధ్యేయం. పొద్దున రాసి బస్సుకిచ్చి, సాయంత్రం సభకు పోయి టీ తాగి వచ్చేవాళ్లం. నాయకులకూ అదే హాయి. తెల్లారి పేపరు చూసి, నిన్న తామేం మాట్లాడారో తెలుసుకుని మురిసిపోయేవాళ్లు. నాగన్న ఒకసారి పొద్దున్నే ఫోన్ చేసి, "నిన్న మస్తు మాట్లాడిన గద తమ్మీ!" అన్నాడు. నిన్న ఆయన దండ వేయించుకుని, రెండుసార్లు దగ్గి వెళ్లిపోయాడు. అయినా నేను "అవునన్నా, జనం చప్పట్లే చప్పట్లు" అన్నాను. అట్లా ఒకరినొకరు సాకుతూ పదకొండేళ్లు గడిపేశాం.

ఆ జూన్ రోజున కూడా ఒడ్డుమీది టీ కొట్టులో కూర్చుని వండుతున్నాను. నాగన్న కొంగలగడ్డకు వస్తున్నాడు, ముందు ఒడ్డున సభ. "సమస్యలన్నీ పరిష్కరిస్తానని అన్నారు" అని రాసి చుక్క పెట్టబోతున్నాను. అప్పుడు మాసయ్య పుట్టి కనిపించింది. తుంపర పడుతోంది. పుట్టిలో మాసయ్య బిడ్డ అఖిల, నొప్పులతో. కాన్పుకని పెద్దమందడి అత్తగారింటి నుంచి తల్లిగారింటికి వచ్చిన పిల్ల. మాసయ్య తల్లి మణెమ్మ ఆ పిల్ల మీద గొంగడి పట్టుకుని కూర్చుంది. దవాఖానకని బయలుదేరారు, ఏరు ఆగనివ్వలేదు. ఒడ్డు ఇంకా ఇరవై గజాలుందనగా పసిగుడ్డు ఏడుపు వినిపించింది. టీ కొట్టులో ఉన్నవాళ్లమంతా లేచి నిలబడ్డాం. అంతకంటే మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

నేను మళ్లీ కూర్చుని ఆ చివరి వాక్యం కొట్టేశాను. "కొంగలగడ్డకు వంతెన కట్టించి తీరుతాను, ఇది నా మాట అని ఎమ్మెల్యే ప్రకటించారు" అని రాశాను. చెయ్యి దానంతట అదే రాసిందని చెప్పను. తెలిసే రాశాను. అది నాగన్న హామీ కాదు, నా కోరిక. రెండున్నర బస్సుకు కవరిచ్చి, ఇంటికి పోయి, మనసు బాగాలేక ముసుగుతన్ని పడుకున్నాను. సాయంత్రం సభ జరగలేదని తెల్లారి తెలిసింది. అప్పటికే పేపరు ఇంటింటికీ పోయింది.

"దిగు సారు" అన్నాడు మాసయ్య. పుట్టి గడ్డకు తగిలింది.

కొంగలగడ్డ పగలు చూస్తే కూడా కలలోకి వచ్చిన ఊరిలాగే ఉంటుంది. ఇండ్ల మధ్య దారులు మెత్తటి ఇసుక. అడుగుల చప్పుడు ఉండదు. మనుషులు వస్తున్నదీ పోతున్నదీ వినిపించదు, తల తిప్పితే పక్కన ఉంటారు. ఊరి వెనక వరి మళ్లలో కొంగలు నిలబడి ఉన్నాయి. నేను మణెమ్మ ఇంటి ముందు అరుగుమీద కూర్చునేసరికి నలభై, యాభైమంది చుట్టూ చేరారు. ఎవరు ఎప్పుడు వచ్చారో నాకు తెలియలేదు.

మణెమ్మ నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి ముందు పెట్టింది. "తిను కొడుకా. మొఖం పీక్కపోయింది" అంది. అబద్ధం రాసినవాడికి ఆతిథ్యమొకటి!

"అవ్వా, ఒక మాట చెప్పాలె" అన్నాను.

"తినుకుంట చెప్పు."

"వంతెన సంగతి. గా వార్త. నాగన్న అనలేదవ్వా. సభ గాకముందే నేను రాసిన. ఆయన నోట్ల రాని మాట నేను పెట్టిన. అబద్ధం రాసిన."

చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఎవరో ఒకరు గల్లా పట్టుకుంటారనుకున్నాను, పట్టుకుంటే బాగుండుననుకున్నాను.

"ఇంకింత కూర ఏసుకో" అంది మణెమ్మ.

"అవ్వా, ఇన్నవా నేనన్నది?"

"ఇన్న. ఇయ్యాల గాదు, రొండు నెల్ల కిందనే ఇన్న."

నేను మాసయ్య వైపు చూశాను. ఆయన తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

"సారు, ఆ పొద్దు మాపటికి నాగన్నసారు వచ్చిండు. నువ్వు లేవు. సభ తర్వాత, ముందు ఊరు జూస్త అని నా పుట్టిల కాలు పెట్టిండు. నాలుగు గజాలు వోయినం. ఒక్క సుట్టు తిరిగింది. గంతే! నా భుజం పట్టుకొని 'ఆపుర నాయినా, ఆపు' అని చిన్నపిల్లగాని లెక్క మొత్తుకున్నడు. ఎనక్కి తెస్తే బురదల దుంకి, జీపెక్కి పోయిండు. సభ లేదు, పాడు లేదు. వంతెన అన్న మాట ఆయన నోట్లకెల్లి ఎల్లనే లేదు. తెల్లారి అఖిల పేపర్ సదివితే అందరం నవ్వుకున్నం. ఆ మాట ఎవరు రాసిండ్రో అప్పుడే సమజైంది."

"మరి నన్ను అడగలేదేందే మాసన్నా?"

జవాబు మణెమ్మ చెప్పింది. లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు మూత తీసింది. రేషన్ కార్డు, ఓటరు కార్డులు, వాటికింద ప్లాస్టిక్ కాగితంలో మడిచిన నా వార్త.

"అడిగితే ఏమైతది? తప్పయిందని మల్ల రాస్తవు. ఉన్నదొక్కటి గూడ పాయె. నాకు ఓటొచ్చిన సంది ఎందరికో ఏసిన బిడ్డా. మా ఊరి పేరు పేపర్ల పడ్డది గిదొక్కపారే. అబద్ధమే, కాదంటలేను. గానీ అచ్చుల ఉన్నది. నేను అనలేదని ఆయన అనలేడు. అంటే, మరి ఆ పొద్దు ఏమైందని అడుగుతరు. పుట్టిల మొత్తుకున్న సంగతి జెప్పాలె. అందుకే ఊరంత నోరు మూసుకొని కూసున్నం." ఆమె డబ్బా మూత టప్పున మూసింది. అప్పుడు గానీ ఆమె కోపం నాకు కనిపించలేదు. "ఇంతదాంక మంచిగనే ఉంటివి. ఇయ్యాల ఎవరు జెప్పమన్నరు నిన్ను? నీ పానం తేలిక జేసుకోనీకి మా నెత్తిన బరువు పెడ్తివి గద!"

నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. నాదీ అయింది. దాని బరువు ఎక్కడికి పోయిందో అరుగుమీద కూర్చుని చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక దాచడానికి ఏముంది? బ్యాగులోంచి కాగితం తీసి ముందు పెట్టాను. అఖిల రెండు నెలల బిడ్డను ఒళ్లో సర్దుకుని దాన్ని అందుకుంది. సన్నగా, నిద్రచాలని కండ్లతో ఉంది. ఏడో తరగతి దాకా చదివింది. పైకి చదివింది: "వంతెన మంజూరు కానున్నందున, ఒడ్డున ఇచ్చే ఇండ్ల స్థలాలు మాకు అవసరం లేదని మా ఇష్టప్రకారం తెలియజేయుచున్నాము."

"ఇది రాసింది ఎవరు సారు?" అంది.

"నాగన్న పీయే గోవిందు."

"గోవిందన్న కాయితం తెచ్చిండేమో. రాత నీదే గద. పోయినేడు మా పింఛన్ల దరఖాస్తు రాసిచ్చినవ్, ఇదే 'య', ఇదే 'చ'."

నా తల కిందికి దిగిపోయింది. అవును, నేనే రాశాను. గోవిందుకు అక్షరాలు సరిగ్గా రావు. గద్వాలలో నాయకుల దరఖాస్తులు, ఖండనలు, సంతాపాలు అన్నీ మా విలేకరులమే రాసేవాళ్లం. ఒకే చేత్తో అభియోగం రాసి, అదే చేత్తో దానికి జవాబూ రాసిన రోజులున్నాయి.

"మీకు ఇండ్ల జాగలు గావాల్నా, వంతెన గావాల్నా అని ఎవరన్నరు?" అఖిల మళ్లీ అడిగింది.

"నాగన్న."

"అన్నడా, నువ్వు రాసినవా?"

జనం గొల్లున నవ్వారు. మణెమ్మ కూడా పెదవి బిగించి నవ్వాపుకుంది.

"లేదమ్మా, ఇది ఆయనే అన్నడు. ఒట్టు."

"అంటే అన్నడు. రొండు అడగొద్దని యాడున్నది? వరదొస్తే పిల్లల్ని ఏసుకొని యాడ పండాలె? జాగలు గావాలె. పొలాలు ఈడ ఉన్నయి, ఏరు దాటి రానీకి వంతెన గావాలె. ఒకటి తీసుకుంటే ఒకటి ఇడిసిపెట్టాలె అని ఎవరు పెట్టిండ్రు కానూను?"

ఇదా అదా అని నాగన్న అన్నాడు, నేను రాశాను, ఊరు ఆ రెంటి మధ్య నలగబోయింది. ఇదీ అదీ అని అడగవచ్చన్న ఆలోచన, పదకొండేళ్లు ప్రశ్నలడిగి పొట్టపోసుకున్న నాకు రాలేదు. ఒళ్లో పిల్లను ఊపుతున్న ఈ పిల్లకు వచ్చింది.

అఖిల బిడ్డను నానమ్మకిచ్చి, పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి రాయడం మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట సాయం అడగలేదు. నాలుగు వరుసలు. ఒడ్డున స్థలాలు తీసుకుంటాం. పొలాలకు వంతెన కట్టాలి. రాయడం అయ్యాక, వేలిముద్రలకని నేను తెచ్చిన సిరా ప్యాడ్ వైపు చెయ్యి చాపింది. ఇచ్చాను. ఒక్కొక్క ఇంటివాళ్లే వచ్చి వేలు అద్ది పోతున్నారు. ఏటి అవతలి నుంచి బస్సు హారన్ సన్నగా వినిపించింది. రెండున్నర బస్సు. నా కవర్ లేకుండా పోతోంది. పేపరాఫీసు డెస్కువాళ్లు నన్ను తిట్టుకుంటారని అనుకున్నాను, అయినా లేవాలనిపించలేదు.

నలభై మూడో ఇల్లు మాసయ్యది. ఆయన వేలు అద్ది, సిరా తలకు తుడుచుకున్నాడు.

"ఒక్కటే తంటా ఉన్నది సారు. ఇయ్యాల మాకు జెప్పినవ్. రేపు ఇంకొకనికి జెప్తవ్, నీ మనసు అసుంటిది. నువ్వు ఒప్పుకున్నవని నాగన్నసారుకు తెలిసిందనుకో, 'విలేకరి వండిండు, నాకేం తెల్వదు' అని దులుపుకుంటడు. ఈ కాయితం చిత్తు కాయితం ఐతది. వంతెన మాట ఆయన నోటితోనే ఎల్లాలె."

"ఎట్ల ఎల్తది?"

ఒడ్డునుంచి జీపు హారన్ మోగింది. ఒకసారి కాదు, విడవకుండా. అందరం నీళ్ల దగ్గరికి పోయాం. అవతల తెల్ల జీపు, దాని పక్కన తెల్లబట్టల్లో నాగన్న. గోవిందు కండువా ఊపుతూ, "రాఘవేందరన్నా! అయ్యిందా? ఫొటో దిగనీకి సారు వచ్చిండు!" అని కేకేశాడు. మాట నీళ్లమీద నడుచుకుంటూ వచ్చి మా కాళ్ల దగ్గర ఆగింది.

మాసయ్య జీపును చూశాడు, పుట్టిని చూశాడు. ఆ చిన్న నవ్వు పెద్దదైంది.

"నడువ్ సారు" అన్నాడు.

ఒడ్డుకు చేరగానే నాగన్న చేతులు చాపి నా భుజాలు పట్టుకున్నాడు. మనిషి మంచి మాటకారి, ఆ చేతుల్లో ఏదో వెచ్చదనం ఉంటుంది. దానికే పదకొండేళ్లు పడిపోయాను.

"ఏసిండ్రా తమ్మీ?"

"ఏసిండ్రు సారు" అన్నాడు మాసయ్య నాకంటే ముందు. "నలభై మూడిండ్లు ఏసినయి. గానీ మా అవ్వ మొండిది. కాయితం సారు చేతికే ఇస్త, సారే రావాలె అంటున్నది."

నాగన్న నా మొహంలోకి చూశాడు. "అవునన్నా. వేలిముద్రలు పడ్డయి" అన్నాను. అది నిజమే. ఏ కాగితం మీద అన్నది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన గడియారం చూసుకున్నాడు. పావు తక్కువ నాలుగు. ఐదింటికి గడువు. ఏటిని చూశాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. గోవిందు కూడా ఎక్కబోతే మాసయ్య తెడ్డు అడ్డం పెట్టాడు. "ముగ్గురికే అన్నా. బరువైతది."

పుట్టి కదిలింది. నాగన్న నా మణికట్టు పట్టుకుని, కండ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. మబ్బు ఇంకా దిగింది. రెండు ఒడ్డులూ పలచబడి, మేం ముగ్గురమే మిగిలినట్టయింది. పాయ నడుమకు వచ్చాక మాసయ్య తెడ్డు ఎత్తి, నీళ్లు కారనిచ్చి, ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. పుట్టి మెల్లగా, చాలా మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. గద్వాల ఒడ్డు మా ముందునుంచి పోయింది. తర్వాత గడ్డ వచ్చింది. మళ్లీ ఒడ్డు.

"ఏమైందిరా? ఆపినవేంది?" నాగన్న కండ్లు తెరవలేదు.

"ఏం గాలే సారు. నేనున్న, మునగదు. భయపడకుండ్రి." మాసయ్య గొంతులో బెదిరింపు లేదు, పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. "ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడ మల్లయ్య అంటరు. అందుకని నడుమల్నే అడుగుతున్న. వంతెన మాట మీరు అన్నరా, అనలేదా?"

"పేపర్ల వచ్చింది గదరా!"

"పేపర్ల వచ్చింది ఈ సారు మాట. నేను మీ మాట అడుగుతున్న."

నాగన్న కండ్లు తెరిచాడు. నా వైపు చూశాడు. అంత దగ్గరగా ఆయన కండ్లు నేనెప్పుడూ చూడలేదు. కోపం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం.

"చెప్పినవా?"

"చెప్పినన్నా."

"పదిహేడో నంబరు యాది ఉన్నదా?"

ఉంది. ఎందుకుండదు? కరివేపాకు మొక్క దగ్గర వంగి నిలబడ్డ ఉమారాణి ఆ క్షణాన కూడా నా కండ్ల ముందే ఉంది. ఏడుపొచ్చినంత పనైంది. జేబులోంచి దరఖాస్తు తీసి నాగన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నలిపి జేబులో పెట్టుకున్నాడు. పుట్టి ఇంకో చుట్టు తిరిగింది.

"నాకు ఈత రాదుర" అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "సరే. అంటనే. ఆ పొద్దు నేను ఏమన్ననని రాసినవ్? చెప్పు. గట్లనే అంట."

ఎంత తేలికైన పని! ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. నేను అందిస్తే ఆయన అనేస్తాడు. రేపు కాదంటే, విలేకరి అనిపించాడంటాడు. పదకొండేళ్లుగా మేం ఆడుతున్న ఆటే అది. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నేను చెప్పనన్నా" అన్నాను. "ఇన్నేండ్లు నేను రాసినంక మీరు అన్నరు. ఈపారి మీరు అనుండ్రి, నేను రాస్త. కడ్త అంటే కడ్త అన్నడని రాస్త. కట్టనంటే కట్టనన్నడని రాస్త. నడి ఏట్ల అడిగితే ఏమన్నరో గదే రాస్త. ఒక్క అక్షరం ఎక్కువ రాయ, తక్కువ రాయ."

బ్యాగులోంచి నోటుబుక్కు తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. తెల్ల కాగితం. ఇంతవరకు ఏ సభలోనూ నా ముందు తెల్ల కాగితం లేదు.

గడ్డమీద నలభై మూడు ఇండ్లవాళ్లూ నీళ్ల అంచున నిలబడ్డారు. మణెమ్మ చంకలో అఖిల బిడ్డ. అవతల ఒడ్డున గోవిందు, డ్రైవరు, టీ కొట్టువాడు, బట్టలు ఉతికేవాళ్లు. చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఆయన ఏమన్నా ఇటువాళ్లకూ అటువాళ్లకూ వినబడుతుంది. ఆ సంగతి నాగన్నకూ తెలిసింది. ఆయన నా మణికట్టు వదిలేసి, రెండు చేతులతో పుట్టి అంచు పట్టుకున్నాడు. ఒకసారి గడ్డను చూశాడు, ఒకసారి ఒడ్డును చూశాడు. మాసయ్య తెడ్డు ముట్టుకోలేదు.

నేను పెన్ను మూత తీసి ఎదురుచూశాను.

నాగన్న గొంతు సవరించుకున్నాడు.

"రాస్కో" అన్నాడు.